నైరూప్య చిత్రమూ సాధారణీకరణమూ

మన అలంకారశాస్త్రంలో 'చిత్రం' అనే మాటకు లభించిన స్థానం అంత గౌరవప్రదమైనది కాదు. రసభావాదులయందు తాత్పర్యం లేక, శబ్దార్థవైచిత్ర్యాన్ని మాత్రమే ఆశ్రయించిన రచనను ఆనందవర్ధనుడు చిత్రకావ్యమన్నాడు. అది ముఖ్యంగా కావ్యం కాదనీ, కావ్యానికి అనుకరణ మాత్రమేననీ ఆయన మతం. మమ్మటుడు దానిని అవరకావ్యంగా పరిగణించాడు. ప్రాణమున్న వస్తువుకు పటంమీది బొమ్మ ఎట్టిదో, సత్కావ్యానికి చిత్రకావ్యం అట్టిదన్న భావం ఈ వ్యవహారానికి మూలం. ఈ పోలికను మనం తరతరాలుగా పాఠం చెపుతున్నాము. అయితే దీని వెనుక ఒక అంగీకారం దాగి ఉన్నదని మాత్రం అంతగా గమనింపలేదు. చిత్రమంటే సాదృశ్యమనీ, సాదృశ్యం తొలగితే చిత్రమే లేదనీ ఆ అంగీకారం.

20వ శతాబ్ది ఉత్తరార్ధంలో భారతీయ చిత్రకారులు కొందరు ఆ సాదృశ్యాన్నే విడిచిపెట్టారు. నదిని చూచి నదిని వ్రాయక, అరణ్యంలో పెరిగి చెట్టును వ్రాయక, ఏకాంతంలో తమకు కలిగిన అనుభవాన్ని వర్ణాలుగా, అవకాశంగా, నిశ్శబ్దంగా పటంమీద నిలిపారు. దీనినే తెలుగులో నైరూప్య చిత్రకళ అంటున్నాము. ఇది పాశ్చాత్యుల దిగుమతి అనీ, విభావాదులు లేని చోట రసమెక్కడిదనీ, మన శాస్త్రానికి దీనితో పనిలేదనీ ప్రాచ్యవిద్యారంగంలో ఒక అభిప్రాయం స్థిరపడి ఉన్నది. ఈ అభిప్రాయం పునర్విచారణీయమని ఈ వ్యాసకర్త విశ్వాసం. ఏకాంతంలో పుట్టిన నైరూప్య చిత్రం మరొక హృదయాన్ని ఎట్లు చేరుతున్నదో వివరింపగల సామగ్రి సాధారణీకరణ సిద్ధాంతంలో ఉన్నది. ఆ సామగ్రిని మనం వాడకపోతే నష్టపోయేది చిత్రకారులు కారు, మన శాస్త్రమే.

శాస్త్రంలో చిత్రం

రసచర్చలో చిత్రప్రసక్తి మొదట ప్రముఖంగా కనిపించేది శ్రీశంకుకుని మతంలో. నటునియందు రామాదులను గుర్తించే ప్రతీతి సత్యమూ కాదు, మిథ్యయూ కాదు, సంశయమూ కాదు, కేవల సాదృశ్యమూ కాదు. బొమ్మలోని గుర్రాన్ని చూచి గుర్రమనుకొన్నట్టిదని చిత్రతురగన్యాయాన్ని ఆయన ప్రవేశపెట్టాడు. ఈ అనుకరణవాదాన్ని అభినవగుప్తుని గురువైన భట్టతౌతుడు ఖండించిన విధం అభినవభారతిలో నిక్షిప్తమై ఉన్నది. ఆ ఖండనలో చిత్రానికి సంబంధించిన భాగం మన ప్రస్తుతానికి మిక్కిలి ముఖ్యం. సిందూరాది వర్ణాలు గోవు అవయవాల కూర్పును పోలిన కూర్పుతో అమరినప్పుడు గోవువంటిదన్న ప్రతీతి కలుగుతుంది. విభావాదుల కలయిక అట్లు రతిని పోలినదిగా ప్రతీతం కాదు. నాట్యంలో జరిగేది పోలికను పట్టుకోవడం కాదని ఆయన తాత్పర్యం.

ఈ వాదంలో నాట్యానికి అనుకరణబంధం నుండి విముక్తి కలిగింది. చిత్రం మాత్రం ఆ బంధంలోనే మిగిలింది. నాటి చిత్రకళ స్వరూపాన్ని బట్టి తౌతుని విభాగం ఉచితమే. కాని చిత్రకారుడు సిందూరాన్ని గోవు అవయవాల పోలికలో అమర్చడం మానుకొన్ననాడు ఏమి జరుగుతుంది? తౌతుడు చిత్రాన్ని నాట్యం నుండి వేరుచేసిన హేతువే తొలగిపోతుంది. వర్ణం దేనినీ పోలదు గనుక చూపరికి కలిగే ప్రతీతి సాదృశ్యప్రతీతి కాజాలదు. అది మరేమిటో తేల్చవలసి వస్తుంది. నైరూప్య చిత్రం శాస్త్రానికి వెలుపల నిలిచిన వస్తువుగా కాక, శాస్త్రం తెరిచి ఉంచిన ప్రశ్నగా నాకు కనిపించడానికి కారణమిదే.

శిల్పశాస్త్రాలు ఈ విషయంలో ఆలంకారికులకంటె ఉదారంగా ఉన్నవి. విష్ణుధర్మోత్తర పురాణం తృతీయఖండంలోని చిత్రసూత్రం, మార్కండేయ వజ్రుల సంవాదరూపంలో, నృత్తశాస్త్రం తెలియనివానికి చిత్రసూత్రం తెలియదనీ, వాద్యగీతాలు తెలియనివానికి నృత్తం తెలియదనీ మెట్టుమెట్టుగా చెపుతుంది. చిత్రాన్ని గీతంతో ముడిపెట్టిన ఈ క్రమం కేవల సాదృశ్యవాదానికి లొంగేది కాదు. కెరటాలనూ, మంటనూ, పొగనూ, జెండానూ గాలి నడక ననుసరించి వ్రాయగలవానినే చిత్రవిదునిగా ఆ గ్రంథం గౌరవిస్తుంది. గాలికి రూపం లేదు. రూపం లేనిదానిని ఇతర వస్తువుల చలనం ద్వారా స్ఫురింపజేయడమే అక్కడ పరీక్ష. కామసూత్రాలకు జయమంగళ వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు చెప్పిన చిత్రషడంగాలలో సాదృశ్యం ఒకటి మాత్రమే. భావం, లావణ్యయోజనం, వర్ణికాభంగం దానితో సమానంగా నిలిచిన అంగాలు. ఆ సాదృశ్యాన్ని కూడ కేవలం కంటికి కనిపించే పోలికగా గ్రహింపరాదని ఆనంద కుమారస్వామి 1934లో వెలువడిన తమ గ్రంథంలో వాదించిన విషయం విజ్ఞులెరుగుదురు.

మూడు ఉదాహరణలు

సిద్ధాంతం ఉదాహరణలో నిలవాలి. ముగ్గురు చిత్రకారులను తీసుకొందాము. ముగ్గురికీ ప్రకృతితో గాఢమైన సంబంధమున్నది, ముగ్గురూ ఏకాంతప్రియులు.

సిమ్లాలో 1924లో జన్మించిన రామ్‌కుమార్ చిత్రకారుడేకాక హిందీ కథారచయిత. 1950ల నాటి ఆయన చిత్రాలలో నగరజీవనంలో దిగులుపడ్డ మనుష్యులుండేవారు. 1960 ప్రాంతంలో ఆయన వారాణసికి వెళ్లారు. అటుపిమ్మట పటంమీది నుండి మనుష్యులు తొలగిపోయారు. ఘట్టాలు, ఒకదానిపై ఒకటి ఒరిగిన ఇండ్లు, బూడిదవన్నె నీరు మిగిలినవి. క్రమంగా అవికూడ కరగి వర్ణఖండాలైనవి. 2018లో మరణించేవరకు ఆయన మార్గం ఇదే. శాస్త్రపరిభాషలో చెప్పవలసి వస్తే, ఆయన ఆలంబనవిభావాన్ని తొలగించి ఉద్దీపనాన్ని మాత్రమే మిగిల్చారు. జనసమ్మర్దంతో క్రిక్కిరిసిన కాశిని జనరహితంగా చూపినప్పుడు, అక్కడికి వచ్చి వెళ్లిన జనమంతా ఆ శూన్యంలో స్ఫురిస్తారు. చెప్పని అర్థం ప్రధానమై తోచడాన్నే కదా మనం ధ్వని అంటున్నది.

వాసుదేవ్ గాయతోండే ఇంకొక అడుగు ముందుకు వేశారు. నాగపూర్‌లో 1924లో పుట్టి, బొంబాయి జె.జె. కళాశాలలో 1948లో డిప్లొమా పొంది, 1964లో రాక్‌ఫెల్లర్ సంస్థ సహాయంతో న్యూయార్కుకు వెళ్లివచ్చి, 1970లలో ఢిల్లీలో స్థిరపడి, 2001లో మరణించిన ఈయన జీవితమంతా మౌనప్రాయం. బొంబాయిలో ఉన్నప్పుడు సముద్రాన్ని చూస్తూ గంటలు గడిపేవారు. జెన్ బౌద్ధమన్నా, రమణమహర్షి బోధలన్నా మక్కువ. ఏడాదికి వేసినవి కొద్ది చిత్రాలే. రోలరుతో, కత్తితో రంగును పొరలు పొరలుగా పరచి, గీకి, మరల పరచి, ఒక వెలుగు లోపలినుండి వచ్చినట్లు తోచేవరకు వేచి ఉండేవారు. తమ పనిని నైరూప్యమనడంకూడ ఆయనకు సమ్మతం కాదు. రూపాన్ని చూచి దానిని తొలగించినవాడు నైరూప్యకారుడు, తన పని మొదటినుండి వస్తునిరపేక్షమని ఆయన భావన. చాలా చిత్రాలకు పేరైనా పెట్టలేదు. ఇక్కడ ఉద్దీపనవిభావంకూడ గుర్తింపదగిన రూపంలో లేదు. సముద్రం చిత్రానికి విషయం కాలేదు, చిత్రకారునికి సంస్కారమైనది.

మూడవవారు సయ్యద్ హైదర్ రజా. మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాలో 1922లో అటవీశాఖ ఉద్యోగి కుమారునిగా జన్మించి, అడవులలో, నర్మదాతీరంలో బాల్యం గడిపారు. చంచలచిత్తుడైన బాలునికి ఏకాగ్రత అలవరచడానికి పాఠశాల ఉపాధ్యాయుడు గోడమీద ఒక చుక్క పెట్టి దానినే చూడమన్నాడన్న సంగతిని రజా పలుమారులు స్మరించుకొన్నారు. 1950లో ఫ్రాన్సుకు వెళ్లి ఆరు దశాబ్దాలు అక్కడే ఉన్నారు. ఆ దూరదేశపు ఏకాంతంలో, 1980 ప్రాంతం నుండి, బాల్యంనాటి ఆ చుక్క బిందువై ఆయన చిత్రాలకు కేంద్రమైనది. 2010లో స్వదేశానికి తిరిగివచ్చి, 2016లో మరణించగా, తన కోరిక ప్రకారం మండ్లాలో తండ్రి సమాధి ప్రక్కనే ఖననం చేయబడ్డారు.

మన పండితులలో నైరూప్య చిత్రాన్ని ఆదరించేవారుకూడ సాధారణంగా రజావద్ద ఆగిపోతారు. బిందువు, కుండలిని, ప్రకృతిపురుషులు, అంకురం - ఈ శీర్షికలు వినగానే మనకు ఇల్లు చేరినట్లుంటుంది. తంత్రశాస్త్రం నుండి నాలుగు ప్రమాణాలు చూపి, ఇదంతా మనదేనని తృప్తిపడతాము. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రసాన్ని దాని పేరుతో చెప్పడం దోషమని మన శాస్త్రమే నిర్ణయించింది. స్వశబ్దవాచ్యత్వం రసదోషాలలో పరిగణితం. శృంగారమని పలికినంతమాత్రాన శృంగారం పుట్టనట్లే, బిందువని శీర్షిక వ్రాసినంతమాత్రాన పటంలో బిందుతత్త్వం వ్యక్తం కాదు. రజా ఉత్తమచిత్రాలు నిలిచేది ఆ పేరువల్ల కాదు. నల్లని వలయం చుట్టూ ఎరుపు, పసుపు వర్ణాలు కాగుతున్న నేలవలె నిలిచి, చూపును లోపలికి లాగే శక్తివల్ల. పేరు లేని గాయతోండే పటం ఎదుట నిలిచి ఏమైనా చెప్పగలిగినప్పుడే మన రసశాస్త్రం పరీక్షలో నెగ్గినట్లు. సంస్కృతశీర్షిక ఆసరాగా లేని చోటనే శాస్త్రజ్ఞుని పని మొదలవుతుంది.

ఆక్షేపాలు

దీనిపై రాగల ఆక్షేపాలలో మొదటిది: శబ్దం లేక, వాచ్యార్థం లేక వ్యంజన ఎట్లు సాధ్యం? దీనికి సమాధానం ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలోనే ఉన్నది. అభిధకంటె వ్యంజన వేరని నిరూపించే సందర్భంలో ఆనందవర్ధనుడు గీతధ్వనులను చూపుతాడు. వాటికి వాచకత్వం లేదు. అయినను రసాదులను వ్యక్తం చేస్తున్నవి. శబ్దమే లేని చేష్టలకుకూడ వ్యంజకత్వమున్నదని ఆయన అంగీకరించాడు. సాహిత్యం లేని రాగాలాపన విని కన్నుచెమర్చిన శ్రోతకు దీనిని వేరుగా నిరూపించనక్కరలేదు. స్వరానికి ఇచ్చిన అధికారాన్ని వర్ణానికి నిరాకరించడానికి మన వద్ద ఏ యుక్తి ఉన్నదో ఆక్షేపించేవారు చెప్పవలసి ఉంటుంది.

రెండవ ఆక్షేపం ఇంతకంటె బలీయమైనది. అభినవగుప్తుడు చెప్పిన రసవిఘ్నాలు ఏడింటిలో ప్రతీత్యుపాయాలు లోపించడం ఒకటి, స్ఫుటత్వం లేకపోవడం మరొకటి. నైరూప్య చిత్రం ఈ రెంటికీ చక్కని ఉదాహరణ కదా అని వాదింపవచ్చు. దీనిని తేలికగా త్రోసిపుచ్చడం న్యాయం కాదు. ఇట్టి చిత్రాలలో అనేకం నిజంగానే ఈ దోషంవల్ల నశిస్తున్నవి. రంగులు చిందించి, చూపరి ఊహకు వదలివేసి, దానికి లోతు ఉన్నదని చెప్పుకొనే పటాలు చాలా ఉన్నవి. అయితే స్ఫుటత్వమనగా వస్తువు గుర్తుపట్టగలిగినట్లుండడం మాత్రమే కాదు. అనుభవం నిస్సంశయంగా మనస్సుకు ప్రత్యక్షప్రాయం కావడం అక్కడి వివక్ష. గాయతోండే పటంలో వస్తువు అస్ఫుటం. పొరల వెనుకనుండి వెలుగు వస్తున్నదన్న అనుభవం స్ఫుటం. ప్రతీత్యుపాయాలు వర్ణసాంద్రత, అవకాశపు ఎడము, రేఖ నిలకడ. ఏ చిత్రంలో ఇవి పనిచేస్తున్నవి, ఏ చిత్రంలో చేయడం లేదు అన్నది ఒక్కొక్క పటాన్ని చూచి నిర్ణయింపవలసినదే. శాస్త్రం ఇచ్చేది తీర్పు కాదు, తీర్పుకు కొలబద్ద.

ఇట్టి చిత్రంవల్ల కలిగేదంతా పరిపుష్టమైన రసమేనని పట్టుపట్టనవసరంకూడ లేదు. భావం, భావోదయం, భావశాంతి, భావసంధి అని మన శాస్త్రంలో ఎన్నో మెట్లున్నవి. ప్రశాంతంగా తోచిన ప్రతి పటాన్నీ శాంతరసమని ప్రకటించడం విమర్శలో సోమరితనానికి గుర్తు.

ఏకాంతమూ అన్యహృదయమూ

మూడవ ఆక్షేపం నీతిసంబంధమైనది. లోకానికి దూరంగా, తలుపు మూసుకొని కూర్చున్నవాని పనికి లోకంతో సంబంధమేమి? సహృదయుని గణింపనివానిని సహృదయుడెందుకు గణింపాలి?

ఇక్కడ ఒంటరితనాన్నీ ఏకాంతాన్నీ వేరుచేసి చూడాలి. అభినవగుప్తుని విఘ్నాలలో నిజసుఖదుఃఖ వివశత్వం ఒకటి. తన బాధలో తాను మునిగినవాడు చుట్టూ వేయిమంది ఉన్నా ఒంటరివాడే. అతనికి రసం లేదు. ఆ వివశత్వం తొలగడానికి చేసే సాధన ఏకాంతం. భట్టనాయకుడు ప్రతిపాదించి, అభినవగుప్తుడు సంస్కరించి గ్రహించిన సాధారణీకరణం సారాంశం ఇదే కదా. ఇది నాది, ఇది పరునిది, ఇది తటస్థునిది అనే ఎల్లలు కరగినప్పుడు భావం అందరిదీ అవుతుంది. గాయతోండే పటంమీద రంగును పరచి గీకివేసినప్పుడు పోయేది రంగు మాత్రమే కాదు. ఇది నాది అన్న పట్టుకూడ పొరపొరగా పోతుంది. అందువల్లనే ఆయనను ఎరుగనివాడు, ఆయన భాష తెలియనివాడు ఆ పటం ముందు నిలువగలుగుతున్నాడు. 2014లో న్యూయార్కులోని గుగెన్‌హైమ్ మ్యూజియంలో ఆయన చిత్రాల సమగ్రప్రదర్శన జరిగింది. ఏకాంతవాసి పని సముద్రాలు దాటి పరులను చేరిన వైనమిది.

ఆదికవి ఉదంతాన్ని ఇక్కడ స్మరింపకుండ ఉండలేము. తమసాతీరంలో వాల్మీకి చూచిన క్రౌంచవధలో ప్రకృతి ఉన్నది, నిర్జనత ఉన్నది. ఆ శోకం మునియొక్క స్వీయశోకమని అనుకోరాదని లోచనకారుడు నొక్కి చెప్పాడు. అట్లయితే ఆయన దుఃఖించేవాడే గాని శ్లోకం పుట్టేది కాదు. స్వీయత్వాన్ని కోల్పోయిన శోకమే నేటివరకు మనలను చేరుతున్నది.

దీనికి ప్రతిపక్షోదాహరణం శాకుంతలం షష్ఠాంకంలో దొరుకుతుంది. దుష్యంతుడు శకుంతల చిత్రాన్ని సాదృశ్యం తప్పకుండ వ్రాశాడు. ఆ సాదృశ్యమే అతనిని భ్రమలో పడవేసింది. పటంలోని తుమ్మెదను నిజమనుకొని అదలించాడు. విదూషకుడు గుర్తుచేయగా భ్రమ తొలగి, దుఃఖం మిగిలింది. అతని చిత్రం ప్రేక్షకులమైన మనకు రసహేతువు. అతనికి మాత్రం కాదు. అయితే ఆ పటంలో ఇంకా వ్రాయవలసినదేమిటని ఆలోచించినప్పుడు అతనికి తోచినవి మాలినీనది, ఇసుకతిన్నెమీది హంసలు, హిమాలయపాదాలు, లేళ్లు. విరహి చేయి మనిషి రూపాన్ని దాటి ప్రకృతివైపు చాచుకొన్న ఈ ఘట్టాన్ని రామ్‌కుమార్ వారాణసి చిత్రాల ప్రక్కన ఉంచి చూస్తే, కాళిదాసు ఊహించి విడిచినదానిని ఆధునికుడు కడదాకా నడిపించినట్లు తోస్తుంది.

మన కర్తవ్యం

తెలుగులో ఈ విచారం బొత్తిగా జరగలేదనడం సత్యం కాదు. గుంటూరు సీమలోని తుమ్మపూడిలో 1914లో పుట్టిన సంజీవదేవ్ హిమాలయాలలో తిరిగి, కులూలోయలో నికొలాస్ రోరిక్ వద్ద ఉండి, తిరిగివచ్చి 1999లో మరణించేవరకు స్వగ్రామంలోనే నివసించారు. ప్రకృతిని ఉపాసిస్తూ, చిత్రాలు వ్రాస్తూ, లేఖల ద్వారా దేశదేశాల మిత్రులతో హృదయసంబంధం నెరపుతూ, రూపారూపాలను గురించి తెలుగులో వ్యాసాలు రచించారు. ఏకాంతం మానవసంబంధానికి విరోధి కాదనడానికి ఆయన జీవితమే సాక్ష్యం. ఆ ప్రసంగాన్ని మన అలంకారశాస్త్రపాఠంతో జోడించవలసిన బాధ్యత ప్రాచ్యకళాశాలలది. ఆ పని తగినంతగా జరగలేదు.

మన తరగతులలో రసప్రకరణం చెప్పేటప్పుడు నాలుగు మతాలు, వాటి ఖండనమండనాలు, ఏడు విఘ్నాలు విద్యార్థి కంఠస్థం చేస్తాడు. పరీక్షలో వ్రాస్తాడు. తనకు తెలియని ఒక కళాఖండం ఎదుట ఆ విఘ్నాలలో ఏది పనిచేస్తున్నదో పరిశీలించే అవకాశం అతనికి రాదు. కావ్యానుశీలనాభ్యాసంవల్ల మనోముకురం నిర్మలమైనవాడు సహృదయుడని అభినవగుప్తుడు నిర్వచించాడు. ఆ నిర్వచనానికి ఆయువుపట్టు అభ్యాసం. చూడడానికికూడ అభ్యాసం కావాలి. రసప్రకరణం ముగిసిన పిదప ఒక పూట రామ్‌కుమార్ పటమో, గాయతోండే పటమో అచ్చుప్రతి రూపంలోనైనా విద్యార్థుల ముందుంచి, శీర్షిక చెప్పక, చిత్రకారుని పేరు చెప్పక, ఏమి కలిగినదో, ఏ ఉపాయంవల్ల కలిగినదో, ఏమియు కలుగకపోతే ఏ విఘ్నంవల్లనో శాస్త్రపరిభాషలో వ్రాయమనవచ్చు. దీనికి ప్రణాళికామండలి అనుమతితో గాని, ధనవ్యయంతో గాని పనిలేదు. ఏమియు కలుగలేదని నిజాయితీగా వ్రాసిన విద్యార్థి, శాంతరసమని వ్రాసి తప్పించుకొన్నవానికంటె శాస్త్రానికి దగ్గరగా ఉంటాడు.

నేటి కళావిమర్శకులు రసం, ధ్వని, బిందువు అనే మాటలను ఇష్టానుసారం వాడుతున్నారని మనలో పలువురికి ఆవేదన ఉన్నది. ఆ మాటల బరువు తెలిసినవారు మౌనం వహించినప్పుడు తెలియనివారు వాడడంలో ఆశ్చర్యం లేదు.

ఆనందవర్ధనుడు చిత్రకావ్యాన్ని చర్చించిన చోటనే మరొక మాటకూడ చెప్పాడు. ఏదో ఒక చిత్తవృత్తికి హేతువు కానట్టి పదార్థం లోకంలో ఉండదు గనుక, రససంబంధం బొత్తిగా లేని కావ్యం సంభవించదు కదా అన్న శంకను తానే లేవనెత్తి, నిర్ణయం కవి వివక్షమీద ఆధారపడి ఉంటుందని సమాధానపడ్డాడు. ఆ తీర్పును చిత్రానికికూడ వర్తింపజేద్దాము. రూపం ఉన్నదా లేదా అన్నదానిని బట్టి కాక, భావంలో తాత్పర్యం ఉన్నదా లేదా అన్నదానిని బట్టి పటాన్ని విలువకడదాము. అప్పుడు సాదృశ్యం నిండిన పటాలు కొన్ని చిత్రకావ్యాల సరసన చేరవచ్చు. ఏ రూపమూ లేని పటాలు కొన్ని ధ్వనికావ్యాల పంక్తిలో కూర్చుండవచ్చు. విజ్ఞులు ఈ విషయాన్ని సావధానంగా పరిశీలింతురు గాక.